కాల్గరీ చలిలో ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళు: నిజంగా గిట్టుబాటవుతుందా?

సాడిల్‌రిడ్జ్_సాయి (కాల్గరీ)

అందరికీ నమస్కారం. మాది కాల్గరీ ఈశాన్యం వైపు. పైకప్పు మీద దక్షిణం వాలు మొత్తం ఖాళీగా ఉంది, చిమ్నీ కూడా అడ్డం లేదు. పోయిన వారం ఒక సోలార్ కంపెనీ సేల్స్ కుర్రాడు తలుపు కొట్టి, గుమ్మంలో నిలబడే ట్యాబ్‌లో లెక్కలు చూపించాడు. 440 వాట్ల ప్యానెళ్ళు 14, మొత్తం 6.16 కిలోవాట్లు. అన్నీ ఒకే వరసలో కలిపి గరాజ్‌లో ఒక ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె). ధర 17,500 డాలర్లు, జీఎస్‌టీ అదనం. ఏడాదికి 8,000 యూనిట్లు వస్తాయట, బిల్లు సున్నా అయిపోతుందట. శుక్రవారంలోగా సంతకం పెడితేనే ఈ ధరట.

మా వాడకం ఏడాదికి 7,500 యూనిట్ల చుట్టూ ఉంటుంది. నా భయాలు మూడు: మైనస్ 30లో అసలు పనిచేస్తాయా, నెలల తరబడి మంచు కప్పేస్తే ఏంటి, వడగళ్ళు పడితే ఏంటి. నెల్లూరు నుంచి నాన్నగారు రోజూ ఫోన్లో "ఎండే లేని ఊళ్ళో సోలార్ ఏందిరా" అంటున్నారు. పెట్టించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చినూక్_మామ (కాల్గరీ)

సాయి గారూ, ముందు నాన్నగారి అనుమానం తీర్చేద్దాం. కాల్గరీలో ఏడాదికి సుమారు 2,400 గంటల ఎండ ఉంటుంది. కెనడా పెద్ద నగరాల్లో ఇదే మొదటి స్థానం. మనకి లేనిది వేడి, ఎండ కాదు.

ప్యానెల్‌కి కావలసింది వెలుతురు. వేడి దానికి పడదు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అక్కడినుంచి ఒక్కో డిగ్రీ పెరిగితే మూడో వంతు శాతం దాకా పడిపోతుంది, తగ్గితే అంతే పెరుగుతుంది. మా ఇంట్లో ఇన్వర్టర్ తన గరిష్ఠ స్థాయిని తాకేది జూలైలో కాదు. మార్చి, ఏప్రిల్‌లో. గాలి చల్లగా ఉంటుంది, సూర్యుడు పైకి వచ్చి ఉంటాడు, ముంగిట్లో మంచు అద్దంలా వెలుతురు తిప్పి కొడుతుంది. ఆ రోజుల్లో యాప్‌లో గ్రాఫ్ పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది.

అసలు సమస్య చలి కాదు, పగలు చిన్నదవడం. డిసెంబరు 21న ఇక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కూడా సూర్యుడు దిగంతం నుంచి 15, 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే రోజు నెల్లూరులో 50 డిగ్రీలు దాటి ఉంటాడు. మా ఇంట్లో నవంబరు, డిసెంబరు, జనవరి మూడూ కలిపినా జూన్ ఒక్క నెలతో సమానం కాదు. ఇది ముందే తెలుసుకుని దిగితే ఏ బాధా ఉండదు.

బెజవాడ_రాంబాబు (విజయవాడ)

మామ గారు చెప్పింది అక్షరాలా నిజం. మే నెలలో మా డాబా మీద ప్యానెల్‌ని చేత్తో ముట్టుకోలేం. లోపలి వేడి 65 డిగ్రీలకి పోతే, మీ లెక్క ప్రకారమే 13, 14 శాతం అక్కడే ఆవిరి. మీకు మంచు, మాకు దుమ్ము. పొద్దున్నే మా ఆవిడ బకెట్టు, మాపు ఇచ్చి పైకి తోలుతుంది.

కాకపోతే మాకు పీఎం సూర్య ఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. మీకు అక్కడ ఏమైనా ఇస్తారా?

లెక్కల_మాస్టారు (కాల్గరీ)

ఇచ్చేవాళ్ళు. కెనడా ప్రభుత్వపు గ్రీనర్ హోమ్స్ గ్రాంట్ కింద సోలార్‌కి 5,000 డాలర్ల దాకా ఉండేది, 2024 మొదట్లో కొత్తవాళ్ళకి మూసేశారు. వడ్డీ లేకుండా పదేళ్ళకి 40,000 దాకా అప్పు ఇచ్చేవారు, అదీ 2025 అక్టోబరు నుంచి కొత్త దరఖాస్తులకి లేదు. కాబట్టి ఇప్పుడు చేతి డబ్బే, లేదా బ్యాంకు వడ్డీ. పాత యూట్యూబ్ వీడియోల్లో "ఫ్రీగా వచ్చేసింది" అంటే నమ్మకండి.

ఇక సేల్స్ కుర్రాడి 8,000 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దాం. కాల్గరీకి ప్రభుత్వ పట్టికలో ఒక కిలోవాట్‌కి ఏడాదికి సుమారు 1,292 యూనిట్లు అని ఉంటుంది. దాన్ని 6.16తో గుణించండి. 7,959 వస్తుంది. అంటే ప్యానెల్ సరైన వాలులో, నేరుగా దక్షిణం చూస్తూ, మంచు లేకుండా ఉంటే వచ్చే అంకె అది. మీ పైకప్పు వాలు ఎంత?

సాడిల్‌రిడ్జ్_సాయి

4/12 అని ఇంటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో ఉంది మాస్టారూ.

లెక్కల_మాస్టారు

అంటే 18 డిగ్రీలు. చదునుకి దగ్గర. మంచు నష్టం కూడా తీసేసి 7,000 వేసుకోండి, అది కూడా దక్షిణం కాబట్టి. బిల్లు సున్నా అనే మాట కూడా కొట్టేయండి. మనం గ్రిడ్‌కి పంపిన ప్రతి యూనిట్‌కీ వచ్చే క్రెడిట్ కరెంటు ధర వరకే. డెలివరీ చార్జీలు, నెలవారీ ఫీజులు, సిటీ యాక్సెస్ ఫీజు ఇవన్నీ బిల్లు మీద అలాగే కూర్చుంటాయి. అటూ ఇటూ కలిపి యూనిట్‌కి సగటున 14 సెంట్లు మిగులుతుందనుకుంటే ఏడాదికి 980 డాలర్లు. జీఎస్‌టీతో కలిపి 18,375 పెట్టుబడి. పందొమ్మిదేళ్ళ దగ్గర పడుతుంది. నేనైతే ఆ డబ్బు టీఎఫ్‌ఎస్‌ఏలో (రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా) పడేస్తా.

చినూక్_మామ

మాస్టారు ఎప్పుడూ ఇంతే, పెళ్ళి భోజనంలో కూడా వడ్డీ లెక్కేస్తారు 😀

మన ఆల్బర్టా రాష్ట్రంలో సోలార్ ఉన్నవాళ్ళ కోసం కొందరు రిటైలర్లు, అంటే కరెంటు అమ్మే కంపెనీలు, రెండు రేట్ల ప్లాన్ ఇస్తున్నారు. ఎండాకాలంలో ఎక్కువ రేటుకి మారతాం, 30 సెంట్ల చుట్టుపక్కల. మన మిగులు ఆ ధరకి కొంటారు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చి ప్యానెళ్ళు నీరసించాక తక్కువ రేటుకి దిగిపోతాం. ఎండాకాలపు క్రెడిట్ చలికాలం బిల్లుల్లో కరుగుతుంది. దీనితో నా లెక్కలో పన్నెండు, పదమూడేళ్ళకి తేలుతుంది.

లెక్కల_మాస్టారు

ఎక్కువ రేటులో ఉన్నప్పుడు మనం కొనే కరెంటు కూడా 30 సెంట్లే అన్న మాట మింగేశారేం? రాత్రంతా కారు చార్జింగ్, ఏసీ పెట్టుకునే ఇంటికి అది దెబ్బ. పైగా ఆ ప్లాన్ ఒక కంపెనీ దయ. పాతికేళ్ళు ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు.

చినూక్_మామ

ఒప్పుకుంటా. అందుకే ఇంటి వాడకం కంటే పెద్ద సిస్టమ్ వద్దంటాను. నిజానికి ఇంట్లో కరెంటు తయారుచేసుకునేవాళ్ళకి ఆల్బర్టా పెట్టిన మైక్రో జనరేషన్ నిబంధన కూడా అదే, ఏడాది వాడకానికి మించి పెట్టనివ్వరు. సాయి గారికి 7,500 వాడకం, 7,000 ఉత్పత్తి. సరిపోయింది.

కానీ సాయి గారూ, నాకు మీ పోస్టులో గుచ్చుకున్నది ధర కాదు. "14 ప్యానెళ్ళు ఒకే వరసలో" అన్నారు చూశారా, అది. ఆ ప్యానెల్ డేటా షీటు ఉందా? అందులో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు పారనప్పటి వోల్టేజీ) ఎంత, దాని ఉష్ణోగ్రత గుణకం (ఒక్కో డిగ్రీకి ఎంత మారుతుందన్నది) ఎంత, చెప్పండి.

సాడిల్‌రిడ్జ్_సాయి

39 వోల్టులు. గుణకం మైనస్ 0.25 శాతం. ఎందుకండీ?

చినూక్_మామ

ఇదిగో, మన చలి నిజంగా కాటేసేది ఇక్కడ. కాస్త ఓపిగ్గా చదవండి.

చల్లబడితే ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది. జనవరి పొద్దున మైనస్ 35 ఉందనుకోండి. 25 నుంచి అక్కడికి 60 డిగ్రీల తేడా. 60ని 0.25తో గుణిస్తే 15 శాతం. సూర్యుడు పైకి వచ్చి తొలి వెలుతురు ప్యానెల్ మీద పడుతుంది, ఇన్వర్టర్ ఇంకా మేలుకోలేదు, అంటే కరెంటు ఎక్కడికీ పారడం లేదు. సరిగ్గా ఆ క్షణంలో వోల్టేజీ శిఖరంలో ఉంటుంది.

14 ప్యానెళ్ళు × 39 = 546. దానికి 15 శాతం కలపండి. 628 వోల్టులు. ఇక్కడ మామూలు ఇళ్ళకి ఎలక్ట్రికల్ కోడ్ పరిమితి 600, ఇళ్ళకి అమ్మే చాలా ఇన్వర్టర్ల పరిమితీ అదే. 13 పెడితే 583, గట్టెక్కుతుంది. కాలిఫోర్నియాలో 14 పెట్టినా ఏమీ కాదు, ఇక్కడ ఇన్వర్టర్ కాలిపోవచ్చు, వారంటీ కూడా రాదు. ఏడేసి ప్యానెళ్ళు రెండు వరసలుగా విడగొట్టినా సరే, ప్యానెల్‌కొకటి మైక్రో ఇన్వర్టర్ పెట్టినా సరే. సంతకం పెట్టే ముందు "మా ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర వరస వోల్టేజీ ఎంత" అని రాతపూర్వకంగా అడగండి. పని తెలిసినవాడు అదే రోజు కాగితం పంపిస్తాడు.

సాడిల్‌రిడ్జ్_సాయి

బాబోయ్. ఇది ఎవరూ చెప్పలేదు. ఇవాళే ఈమెయిల్ పెడతా.

ఎడ్మంటన్_పద్మ (ఎడ్మంటన్)

సాయి గారూ, మంచు సంగతి నేను చెప్తాను, మీకంటే మాకే ఎక్కువ అనుభవం కదా. మీకు చినూక్ గాలి వస్తుంది, మైనస్ 20 నుంచి ఒక్కరోజులో ప్లస్‌లోకి ఎక్కి ప్యానెళ్ళు కడిగిపెట్టినట్టు అవుతాయి. మాకు నవంబరులో పడింది వారాల తరబడి కదలదు.

మా ఊళ్ళో నెయిట్ అనే సాంకేతిక కళాశాల దీనిమీద ఏళ్ళ తరబడి పరీక్ష నడిపింది. ఆరు వాలుల్లో జంటలు జంటలుగా ప్యానెళ్ళు పెట్టారు, 14 డిగ్రీల నుంచి నిటారుగా 90 డిగ్రీల దాకా. జంటలో ఒకదాని మీద మంచు ఊడ్చేవారు, రెండోది అలాగే వదిలేసేవారు. అందరూ సగానికి సగం పోతుందనుకుంటారు. ఏడాది మొత్తం మీద నష్టం వాలుని బట్టి సుమారు 1 నుంచి 5 శాతమే తేలింది. మంచు కప్పే నెలల్లో ఎలాగూ ఎండ తక్కువ కదా, పోయేదీ తక్కువే.

మా ఆయన మొదట్లో పొడుగు కర్ర, నురగ బ్రష్ కొన్నారు. మైనస్ 18లో నిచ్చెన వేస్తుంటే అత్తయ్య కిందనుంచి ఒకటే దండకం. కూర్చోబెట్టి లెక్క చూపించాను. డిసెంబరులో మా పైకప్పుకి రోజుకి ఆరు యూనిట్లు. పది రోజులు మంచు కిందే ఉన్నా 60 యూనిట్లు, ఆరు డాలర్లు. ఆరు డాలర్ల కోసం నడుము విరగ్గొట్టుకుంటామా? ఆ బ్రష్ ఇప్పుడు కారు మంచు దులపడానికి పనికొస్తోంది.

ఊడ్చి తీరాలంటే ఫిబ్రవరి చివర, మార్చిలో. అప్పుడు ఎండ తిరిగొస్తుంది కాబట్టి అర్థముంది. అది కూడా నేల మీద నిలబడి అందినంత వరకే. లోహపు పారతో గీకితే గాజు మీద గీతలు, వారంటీ గోవిందా.

గోదారోడు_మిన్నెసోటా (మిన్నియాపొలిస్)

ఊడ్చకపోయినా మంచు దానంతటదే దిగుతుంది, అదే భయం. షింగిల్స్ (పైకప్పు మీద పరిచే పలకలు) మీద అయితే కొద్దికొద్దిగా కరుగుతుంది. గాజు నున్నగా ఉంటుంది కదా, అడుగున తడి తగలగానే మొత్తం పలకలా జారిపడుతుంది. మా ఇంటి పక్క తలుపు మెట్లు సరిగ్గా ప్యానెళ్ళ కింద ఉన్నాయి. ఒక ఆదివారం ఇడ్లీ పిండి కోసం గరాజ్ ఫ్రిజ్‌కి వెళ్ళొస్తుంటే వెనకాల ధబ్బున పడింది, రెయిలింగ్ వంగిపోయింది. తర్వాత ఆ వైపు మంచు ఆపే కడ్డీలు వేయించాం. తలుపు, గ్యాస్ మీటరు, ఏసీ పెట్టె, పక్కింటివాళ్ళ నడక దారి, వీటి నెత్తిన ప్యానెల్ అంచు రాకుండా డ్రాయింగ్‌లోనే చూసుకోండి.

బరువు గురించి భయం వద్దు. మంచి ప్యానెళ్ళని పైనుంచి 5,400 పాస్కల్ భారానికి పరీక్షిస్తారు, అంటే చదరపు మీటరుకి 550 కిలోలు. పైకప్పు చట్రం తట్టుకుంటుందా అన్నది వేరే ప్రశ్న, అది ఇంజనీర్ చూడాలి.

మాకిక్కడ చిన్న సిస్టమ్‌లకి అమ్మిన యూనిట్‌కి కొన్న ధరే ఇస్తారు, చట్టం అలా ఉంది. కానీ ఫెడరల్ 30 శాతం ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో పోయింది. ఆ చివరి నెలల్లో ఇన్‌స్టాలర్ల హడావిడి దసరా ముందు టైలర్ల హడావిడిలా ఉండింది.

మ్యూనిక్_మాధవి (మ్యూనిక్)

మేము అద్దె ఫ్లాట్. పైకప్పు మాది కాదు, అందుకే బాల్కనీ రెయిలింగ్‌కి రెండు ప్యానెళ్ళు తగిలించి ప్లగ్ పెట్టేశాం. జర్మనీలో 2024 మే నుంచి ఇన్వర్టర్ 800 వాట్ల దాకా అలా పెట్టుకోవచ్చు, పనిముట్ల మీద వ్యాట్ కూడా లేదు. ఫ్రిజ్, రూటర్, పగటి వంట కొంత లాగేస్తుంది. నిటారుగా ఉండడం వల్ల మంచు నిలవదు, చలికాలంలో కిందుగా ఉండే సూర్యుడు నేరుగా మొహం మీద పడతాడు. పద్మ గారు చెప్పిన 90 డిగ్రీలు మా బాల్కనీయే!

సాడిల్‌రిడ్జ్_సాయి

ఇక్కడ ప్లగ్ పెట్టేసే సౌకర్యం ఉందా?

చినూక్_మామ

లేదు. ఇక్కడ పర్మిట్, ఇన్‌స్పెక్షన్, కరెంటు లైన్లు చూసే ఎన్‌మాక్స్ కంపెనీ అనుమతి, అన్నీ కావాలి. ఆన్‌లైన్లో కొని గోడకి గుచ్చకండి.

రెడ్‌డీర్_రవళి (రెడ్ డీర్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. కరెంటు పోతే మా ప్యానెళ్ళ కరెంటు మేం వాడుకోవచ్చు కదా? 2024 జనవరి 13న ఫోన్లన్నీ ఒక్కసారి మోగి "కరెంటు తగ్గించండి" అని అలర్ట్ వచ్చింది గుర్తుందా? చంటిపిల్లతో ఆ రాత్రి నాకు ఒకటే టెన్షన్. అప్పట్నుంచి సోలార్ ఆలోచన.

లెక్కల_మాస్టారు

ఆ అలర్ట్ వచ్చింది సాయంత్రం ఆరున్నర దాటాక అమ్మా. జనవరి మధ్యలో సూర్యుడు ఐదు లోపే దిగిపోతాడు. రాష్ట్రంలో ఉన్న ప్యానెళ్ళన్నీ కలిపినా ఆ గంటలో సున్నా. సోలార్ పెట్టండి, కాదనను, కానీ ఆ రాత్రి కోసం అయితే కాదు.

ఎడ్మంటన్_పద్మ

రవళీ, ఇంకో విషయం. బ్యాటరీ లేని సిస్టమ్ కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, పట్టపగలైనా సరే. లైన్ బాగుచేసేవాళ్ళకి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. మన ఊళ్ళో ఇన్వర్టర్ అనగానే కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతుందనుకుంటాం కదా, అది ఇది కాదు.

బ్యాటరీ కావాలంటే ఎక్కడ పెడతారో ముందు ఆలోచించాలి. ఇప్పుడు ఎక్కువగా వచ్చే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. కొన్నిటికి లోపల హీటర్ ఉంటుంది, అదీ కరెంటు తింటుంది. వేడి లేని విడి గరాజ్ అయితే వద్దు. నీ భయం ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆగిపోతుందనే అయితే చిన్న జనరేటర్ చాలా చవక. బయట పెట్టుకో, లోపల కాదు.

రెడ్‌డీర్_రవళి

థాంక్యూ అక్కా. సోలార్ ఇప్పుడు కాదులే అయితే.

లెక్కల_మాస్టారు

సాయి గారూ, వడగళ్ళ గురించి అడిగారు, ఎవరూ ఎత్తలేదు. మీరుండే ఈశాన్యమే కదా దానికి అడ్డా. 2020 జూన్ 13న ఒకసారి, బీమా నష్టమే 120 కోట్ల డాలర్లు దాటింది. 2024 ఆగస్టు 5న మళ్ళీ, ఈసారి 280 కోట్లకి పైనే. ప్యానెళ్ళని పరీక్షించేది మామూలుగా 25 మిల్లీమీటర్ల మంచు గుండుతో, గంటకి 80 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో. అప్పుడు పడ్డవాటిలో అంతకంటే పెద్దవి ఉన్నాయి.

సాడిల్‌రిడ్జ్_సాయి

2024లో మా సైడింగ్ (ఇంటి బయటి గోడల పలకలు) జల్లెడ అయిపోయింది మాస్టారూ. పైకప్పు మొత్తం బీమాలో కొత్తగా వేయించాం. అంటే షింగిల్స్ కొత్తవే.

చినూక్_మామ

అయితే ఒక గండం గడిచింది. పాత షింగిల్స్ మీద ప్యానెళ్ళు పెడితే, తర్వాత పైకప్పు మార్చేటప్పుడు అన్నీ విప్పి మళ్ళీ బిగించాలి. దానికే వేల డాలర్లు అడుగుతారు. అదే వాన మా వీధిలోనూ పడింది. నా ప్యానెళ్ళలో ఒకటి పగిలింది, పక్కన షింగిల్స్ మాత్రం దెబ్బతిన్నాయి. ప్యానెళ్ళ కింద ఉన్న పైకప్పుకి గీత పడలేదు. అలాగని అందరికీ అదే జరుగుతుందనుకోకండి.

బీమా ఏజెంట్‌కి మాత్రం సంతకానికి ముందే ఫోన్ చేయండి. మూడు ప్రశ్నలు: ప్యానెళ్ళు ఇంటి కవరేజీలోకి వస్తాయా, వడగళ్ళకి విడి డిడక్టిబుల్ (మన జేబు నుంచి పెట్టుకోవలసిన వాటా) ఎంత, పైకప్పు క్లెయిమ్ వస్తే ప్యానెళ్ళు విప్పి బిగించే ఖర్చు ఎవరిది. మూడోదే అందరూ మర్చిపోతారు. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఇంకోటి, పావురాలు. నవ్వకండి. ఈశాన్యంలో ప్యానెళ్ళ కింద వెచ్చగా ఉంటుందని కాపురాలు పెట్టేస్తున్నాయి. ప్యానెళ్ళ చుట్టూ జాలీ మొదట్లోనే వేయించండి, తర్వాతైతే మళ్ళీ మనుషులు పైకి ఎక్కాలి, మళ్ళీ చార్జీ.

సాడిల్‌రిడ్జ్_సాయి

అప్‌డేట్: వోల్టేజీ గురించి అడిగితే ఆ కంపెనీ నుంచి "మేం ఎప్పుడూ ఇలాగే పెడతాం సార్, ఏం కాదు" అని ఒక్క లైను వచ్చింది. కాగితం లేదు. శుక్రవారం ఆఫర్‌ని సోమవారం దాకా పొడిగించారు, అడక్కుండానే 😀

ఇంకో రెండు కంపెనీల దగ్గర కోట్ తీసుకున్నా. ఒకాయన స్వయంగా వచ్చి అటక ఎక్కి చట్రం ఫోటోలు తీసుకున్నాడు. ఏడేసి ప్యానెళ్ళు రెండు వరసలు, మైనస్ 38 దగ్గర వోల్టేజీ లెక్క కోట్‌లోనే అచ్చువేసి ఇచ్చాడు. ఉత్పత్తి 6,900 యూనిట్లు అని రాశాడు. జాలీతో కలిపి 17,900, పైన జీఎస్‌టీ. వంటింటి తలుపు పైన ప్యానెల్ రాకుండా ఒకటి పక్కకి జరిపించాను, గోదారోడు గారికి ధన్యవాదాలు. బీమా వాళ్ళ ఈమెయిల్ కోసం చూస్తున్నా, అది రాగానే ఈయనకే ఇస్తా.

లెక్కల_మాస్టారు

6,900 అని రాసినవాడు నిజాయితీపరుడు. డబ్బు పరంగా నా మాట మారలేదు, కానీ పెట్టదలచుకుంటే ఆయన చేతే పెట్టించండి.

ఎడ్మంటన్_పద్మ

ఒక్క జాగ్రత్త సాయి గారూ. బిగించడం ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, ఇన్‌స్పెక్షన్, రెండు వైపులా లెక్కపెట్టే మీటరు రావడానికి మాత్రం వారాలు పట్టొచ్చు. ఎండ బాగుంది కదా అని ఈలోగా స్విచ్ వేయకండి. కొన్ని పాత మీటర్లు మనం పంపిన కరెంటుని కూడా వాడినట్టే లెక్కేస్తాయి. మీటరు మారాక రిటైలర్‌కి ఫోన్ చేసి మైక్రో జనరేషన్ ఖాతాగా మార్చారో లేదో అడిగి, మొదటి బిల్లులో ఎగుమతి యూనిట్ల లైను ఉందో లేదో చూసుకోండి.